పరమాణువుల క్రమబద్ధీకరణ

మా ఊరి పేరు చెప్పను. గోదావరి కాలవ పక్కన ఉంటుందని మాత్రం చెబుతాను. పేరు చెబితే రేపు మా ఇంటి గోడకి కూడా నోటీసు అంటిస్తారు. అంటించిన చోట సున్నం పెచ్చులూడుతుంది, దానికి మళ్ళీ మనిషిని పిలిచి సున్నం వేయించుకోవడం నా వల్ల కాదు.

నా పేరు కోలా విశాలాక్షి. ఇక్కడి కాంతి పరిశోధన సంస్థలో శాస్త్రవేత్తను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని సంస్థలో అందరూ అంటారు. ఉండదా మరి? ఈ సంగతి వినండి, మీకూ వస్తుంది.

నేను చేసే పని చాలా చిన్నది. చిన్నదంటే నిజంగానే చిన్నది. గాజుపలక ముక్క మీద బంగారంతో కడ్డీలు కడతాను. ఒక్కొక్క కడ్డీ వెడల్పు తలవెంట్రుకలో వెయ్యో వంతు. ఆ కడ్డీలు తమకు నచ్చిన ఒక రంగు వెలుగును పట్టి మింగేస్తాయి. వాటి మీద జెర్మేనియం, యాంటిమొనీ, టెల్లూరియం కలిపిన పూత ఒకటి వేస్తాం. ఆ పూతలో పరమాణువులు సంతలో జనంలా ఎటు పడితే అటు ఉంటాయి. లేజరుతో ఒక్క దెబ్బ వేడి చేస్తే చటుక్కున వరసల్లో నిలబడతాయి. ఇంకో రకం దెబ్బ కొడితే కరిగి మళ్ళీ చెదిరిపోతాయి. అవి వరసలో నిలబడగానే బంగారు కడ్డీలకి రుచి మారుతుంది. అంతసేపూ మింగిన వెలుగును ఇక ముట్టుకోవు, అది తిరిగి బయటికి వచ్చేస్తుంది. కదిలే భాగం ఒక్కటీ లేకుండా వెలుగుకి స్విచ్చి వేసినట్టన్నమాట. రేపు కంప్యూటర్లు కరెంటు బదులు వెలుగుతో నడవాలంటే ఇలాంటి స్విచ్చిలే కావాలి. ఇందులో ఎవరి ముల్లె పోయేదీ లేదు.

అలాగే అనుకున్నాను, సర్క్యులరు వచ్చేదాకా.

పరిశోధన నివేదికలన్నీ ఇకమీదట తెలుగులోనే ఉండాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. నాకు మహా సంతోషం వేసింది. నేను తెలుగు మీడియంలో చదువుకున్నదాన్ని. హాయిగా నివేదికకి శీర్షికగా ఒక వాక్యం రాశాను: "లోహపు సూక్ష్మ నిర్మాణాలపై అస్ఫటిక దశలో ఉన్న పూతను లేజరు వెలుగుతో స్ఫటిక దశలోకి మార్చుట." రాసి, మా పరిపాలనాధికారి పట్టాభిరామయ్య గారికి పంపాను.

పట్టాభిరామయ్య గారి గురించి ఒక మాట చెప్పాలి. ఆయన మాట్లాడరు, ఉత్తర్వులు జారీ చేస్తారు. టీ కావాలన్నా "తేనీరు విషయమై తక్షణ చర్య తీసుకొనవలెను" అంటారు. నన్ను గదికి పిలిపించి, నా కాగితాన్ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకున్నారు.

"డాక్టరు గారూ, ప్రస్తుత వాక్యమునందలి స్ఫటిక అను పదము అభ్యంతరకరముగా నున్నది."

"ఏమైందండీ దానికి?"

"స్ఫటికము పూజాద్రవ్యము. స్ఫటిక మాల, స్ఫటిక లింగము. ప్రభుత్వ నివేదికలో మతపరమైన సామగ్రి యుండరాదు. ఆమోదిత పదకోశమును సంప్రదించితిని. వరుసలో నున్న దానికి క్రమ, లేనిదానికి అక్రమ, వరుసలో పెట్టుటకు క్రమబద్ధీకరణ అని యున్నది. అవియే వాడవలెను. మరియు శీర్షిక దీర్ఘముగా నున్నందున సూక్ష్మ అను పదమును, పూత అను పదమును తొలగించడమైనది."

ఆయన చెక్కిన తర్వాత నా వాక్యం ఇలా తేలింది: "లోహ నిర్మాణములలో అక్రమ దశలో నున్నవాటిని లేజరు ద్వారా క్రమబద్ధీకరించుట."

నేను లేవబోతుంటే ఆయన గొంతు తగ్గించి అడిగారు. "దశ మార్పు అని యున్నది. ఇది మనుష్యులకు కూడా వర్తించునా? నాకు ప్రస్తుతము ఏలినాటి శని."

"వర్తించదండీ," అని చెప్పి బయటపడ్డాను. ఆ వాక్యం ఎవడు చదువుతాడులే అనుకున్నాను. నా బుద్ధి గడ్డి తింది. ఆ వాక్యాన్ని అందరూ చదివారు.

ముందుగా చదివింది పట్టణ ప్రణాళిక విభాగం వాళ్ళు.

ఒక ఉదయం నేనూ దయామణీ ల్యాబులో ఉన్నాం. దయామణి నా టెక్నికల్ అసిస్టెంటు. ఆ పూత వేసే వాక్యూమ్ చాంబర్ ఆమె చేతికే లొంగుతుంది, నోరు మాత్రం ఎవరి చేతికీ లొంగదు. తొమ్మిదేళ్ళుగా కాంట్రాక్టు మీదే ఉంది. మా దగ్గర ఒక ఆచారముంది లెండి. కాంట్రాక్టు వాళ్ళని ప్రతి ఆర్నెల్లకీ ఒక రోజు ఉద్యోగంలోంచి తీసేసి, మర్నాడు మళ్ళీ చేర్చుకుంటారు. అలా తెగ్గొట్టకపోతే సర్వీసు అతుక్కుపోయి, పర్మనెంటు చెయ్యమని కోర్టుకెక్కుతారని భయం. ఆ ఒక్క రోజూ దయామణి సందర్శకుల పాసు మీద లోపలికొచ్చి పంపు చూసుకుంటుంది. పంపుకి ఈ ఆచారం తెలియదు కదా.

కిటికీలోంచి పెద్ద చప్పుడు వినిపించింది. చూస్తే గేటులోంచి జేసీబీ వస్తోంది. దాని ముందు చేతిలో నోటీసుల కట్టతో ఒకాయన నడుస్తున్నాడు. సరాసరి ల్యాబులోకి వచ్చి, తాను నోటీసుల సూపర్‌వైజరు భీమశంకరాన్నని చెప్పాడు.

"అక్రమ నిర్మాణాలెక్కడున్నాయండీ?" అన్నాడు.

"ఇక్కడ అలాంటివేం లేవండీ," అన్నాను.

"అలాగంటారేంటండీ? మీరే రాసుకున్నారు కదండీ, లోహ నిర్మాణాలు అక్రమ దశలో ఉన్నాయని. కట్టినోళ్ళే ఒప్పేసుకున్న కేసు నా సర్వీసులో ఇదే మొదలండి. ముచ్చటేసి పొద్దున్నే వచ్చేశాం."

నేను చెబితే వినేలా లేడు. సరే చూడు నాయనా అని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు తెర చూపించాను. తెర నిండా బంగారు కడ్డీలు వరసలుగా కనబడ్డాయి. భీమశంకరం గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

"ఓరి దేవుడో! కాలనీ కాలనీయే లేపేశారండీ! మధ్యలో రోడ్డేదండీ? గోడకీ గోడకీ ఎడమేదండీ? గాలీ వెలుతురూ ఎలాగొస్తాయండీ?"

"వెలుతురు కోసమే కట్టామండీ."

"దేంతో కట్టారండీ ఇవి?"

"బంగారంతో."

ఆయన నోటీసుల కట్ట కిందికి దించేశాడు. గొంతు మారిపోయింది. "బంగారంతోనా? ముందే చెప్పొచ్చు కదండీ. ఏ పెద్దాయన తాలూకండీ ఇవి?"

"ఎవరి తాలూకూ కాదయ్యా, నావే," అన్నాను.

"అలాగైతే కూల్చేయాల్సిందేనండి," అని మళ్ళీ కట్ట పైకెత్తాడు.

ఇంతలో పట్టాభిరామయ్య గారు ఆయాసపడుతూ వచ్చారు. నిర్మాణాల్ని కాపాడే బాధ్యత ఆయన మీద పడిందని ఆయనకి ఎవరు చెప్పారో తెలియదు కానీ, అక్కడికక్కడే నిలబడి ఒక లేఖ రాసేశారు. "సదరు అక్రమములన్నియు లేజరు ద్వారా సంపూర్ణముగా క్రమబద్ధీకరింపబడినవని ఇందుమూలముగా తెలియజేయడమైనది."

అది చదివేసరికి భీమశంకరం మొహం విప్పారింది. "క్రమబద్ధీకరించేసుకున్నారా! ఆ ముక్క చెప్పకుండా ఇంతసేపు నిలబెట్టారేంటండీ బాబూ." జేసీబీ వెనక్కి తిరిగింది. పోతూ పోతూ మా మందారం కుండీని కూల్చింది. వచ్చిన పని ఊరికే పోకూడదు కదా.

గండం గడిచిందనుకున్నాను. కానీ పట్టాభిరామయ్య గారికి ఒక అలవాటుంది. ఏ లేఖ రాసినా ఒక నకలు వ్యయ నియంత్రణ మండలికి పంపుతారు. తన కూతురి పెళ్ళి శుభలేఖ కూడా పంపారని విన్నాను.

వ్యయ నియంత్రణ మండలి పుట్టిందే ఒక్క పని కోసం. కాంట్రాక్టు మీద ఉన్న మనిషి ఎవరూ పర్మనెంటు కాకుండా చూడడం కోసం. సర్కారు భాషలో పర్మనెంటు చెయ్యడాన్ని ఏమంటారో మీకు తెలుసు. ఆ మాట చెవిన పడితే మండలికి జ్వరం వస్తుంది. అలాంటిది "సంపూర్ణముగా క్రమబద్ధీకరింపబడినవి" అన్న కాగితం వాళ్ళ బల్ల మీద వాలింది.

వారం తిరక్కుండా మండలి ఉప కార్యదర్శి కొత్తలంక హయగ్రీవరావు గారు స్వయంగా దిగారు. సన్నగా, ఇస్త్రీ చేసిన కాగితంలా ఉన్నారు. సమావేశపు గదిలో ఆయన ఎదురుగా నేనూ, పట్టాభిరామయ్య గారూ కూర్చున్నాం. ప్రయోగం చేసిన సిబ్బంది కూడా హాజరు కావాలన్నారు కనక దయామణి కూడా వచ్చింది.

"క్రమబద్ధీకరణపై సంపూర్ణ నిషేధం అమల్లో ఉండగా, మండలి ముందస్తు ఆమోదం లేకుండా, ఎంతమందిని క్రమబద్ధీకరించారు?" అన్నారాయన.

"మంది కాదండీ, పరమాణువులు."

"ఏ కేడరైనా ఒకటే. సంఖ్య చెప్పండి."

నాకు ఒళ్ళు మండింది. ఉన్నమాట చెప్పేశాను. "ఒక్క చిప్పు మీదే వెయ్యి కోట్ల కోట్లకి పైన ఉంటాయండీ."

ఆయన కాలిక్యులేటరు తీశారు. సున్నాలు నొక్కుతూ పోయారు. తెర నిండిపోయి అది ఆగిపోయింది. ఆయన పెదవులు పాలిపోయాయి. "కరువు భత్యం కాకుండానా?"

"వాటికి జీతం లేదండీ. ఊరికే నిలబడతాయి, అంతే."

"జీతం లేకుండా పనిచేయిస్తున్నారా? అది మరీ ప్రమాదం. రేపు కోర్టుకి వెళ్తే వాటిదే గెలుపు. సరే, అర్హతలు పరిశీలిద్దాం. పుట్టిన తేదీ?"

"తేదీ ఎలా చెబుతామండీ? ఎప్పుడో, వందల కోట్ల ఏళ్ళ కిందట, ఏదో నక్షత్రంలో పుట్టాయి."

పట్టాభిరామయ్య గారు ఒక్కసారి ముందుకి వంగారు. "ఏ నక్షత్రము? ఎన్నవ పాదము?"

"అది మండలికి అనవసరం," అన్నారు హయగ్రీవరావు గారు. "వయోపరిమితి దాటిపోయింది. రాసుకోండి. స్థానికులేనా?"

"టెల్లూరియం బయటి దేశం నుంచి తెప్పించాం."

"స్థానికేతరులు. అది కూడా రాసుకోండి. ఏ నోటిఫికేషన్ కింద తీసుకున్నారు? రాతపరీక్ష ఉందా? లేదు కదా. దొడ్డిదారి నియామకం. ఇంతమందిని క్రమబద్ధీకరించడానికి ఎంత కాలం పట్టింది?"

నేను జవాబు చెప్పేలోపే దయామణి అందుకుంది. "సెకనులో కోటో వంతండి."

హయగ్రీవరావు గారు మొదటిసారి ఆమె వైపు చూశారు. "ఇంత తొందర దేనికి?"

"తొందర వాటిదండి, నాది కాదు. నా ఫైలు మీ దగ్గరికొచ్చి ఆరేళ్ళయిందండి. రేఖపల్లి దయామణి అండి. ఏమైనా గుర్తొచ్చిందాండీ?"

"వ్యక్తిగత విషయాలు ఈ సమావేశం పరిధిలోకి రావు. మీది వేరే సెక్షను."

బల్ల కింద దయామణి చెయ్యి నా చీర కొంగుని పట్టుకుని మెలితిప్పుతోంది. నాకు ఆ క్షణాన ఆ కాలిక్యులేటరు తీసి ఆయన నెత్తిన వెయ్యాలనిపించింది.

"అయితే ఏం చెయ్యమంటారండీ?" అన్నాను. "ఇంకో దెబ్బ లేజరు కొడితే మళ్ళీ పాత దశకి పోతాయి. పంపించేస్తాను."

"పాత దశ అంటే?"

"అక్రమ దశ."

"అక్రమమా!" ఆయన కుర్చీలోంచి లేచారు. "ప్రభుత్వ సంస్థలో, నా కళ్ళ ముందు, అక్రమాన్ని పునరుద్ధరిస్తానంటారా?"

పట్టాభిరామయ్య గారు మధ్యేమార్గం చూపించారు. క్రమ దశలోనే ఉంచి, ఆర్నెల్లకొకసారి ఒక్క రోజు చెదరగొట్టి, మర్నాడు మళ్ళీ వరసలో పెడితే సర్వీసు తెగుతుంది కదా అన్నారు. దయామణి పకపకా నవ్వేసింది. హయగ్రీవరావు గారు మాత్రం నవ్వలేదు. సూచన బాగుందని రాసుకుని, అది పరిశీలనలో ఉన్నంతకాలం చాంబర్‌కి, లేజరుకి సీలు వేయాలని ఉత్తర్వు ఇచ్చి వెళ్ళిపోయారు.

సీలు వేశారు. లక్క పెట్టి, గుడ్డ చుట్టి, చాంబర్‌ని నోటికి కట్టు కట్టిన రోగిలా చేశారు. మూడేళ్ళ పని ఆగిపోయింది. దాని మీద ఏడ్చే తీరిక కూడా నాకు దొరకలేదు, ఎందుకంటే ఆ సీలు వెనకాలే ఇంకో కాగితం వచ్చింది. యంత్రం పనిచేయనందున దాని సహాయకురాలి అవసరం లేదనీ, దయామణి కాంట్రాక్టు ఈ నెలాఖరుతో ముగిశాక పొడిగించరనీ దాని సారాంశం.

దయామణి ఆ కాగితం చదివి నా గదికి వచ్చి కూర్చుంది.

"వచ్చే నెల పదో తారీఖుకి నాకు నలభై నాలుగు నిండుతాయండి," అంది. "ఆ తర్వాత వయోపరిమితి దాటిందని నా ఫైలు మూసేస్తారు. ఇంకెక్కడా ఎవరూ తీసుకోరండి. మా ఆయన పోయినప్పటి నుంచీ ఇదే కదండీ ఆధారం. మా పిల్ల పాలిటెక్నిక్ మొదటి ఏడాదండి." కళ్ళు తుడుచుకుని, "నేను రాకపోతే అన్నీ ఆగిపోతాయన్నట్టు ఎన్ని రోజులు జొరంతో వచ్చి పంపు చూశానండీ. పిచ్చిముండని," అంది.

నాకు ఏడుపూ కోపం రెండూ ఒకేసారి వచ్చాయి. ఆమెని ఏమని ఓదార్చను? ఆమె వెళ్ళగానే కలం తీసి మండలికి ఉత్తరం రాశాను. మర్యాద, మన్నన అన్నీ పక్కన పెట్టి రాశాను.

"అయ్యా, మీ ఖజానా చల్లగా ఉండాలి. నాకు వెయ్యి కోట్ల కోట్లు అక్కర్లేదు. ఈ సంస్థ పుట్టాక ఒక్కటంటే ఒక్క పరమాణువునైనా క్రమబద్ధీకరించి పుణ్యం కట్టుకోండి మహాప్రభో. ఒక్కదానికే మీ రాష్ట్రం దివాలా తీయదు."

అది వెటకారం. చదువుకున్న ఏ మనిషికైనా అర్థమవుతుంది. కానీ మండలికి వెటకారాన్ని విచారించే సెక్షను లేదు. ఆ ఉత్తరం విజ్ఞప్తుల సెక్షనుకి వెళ్ళింది. నాలుగు రోజుల్లో జవాబు వచ్చింది.

"మీ వినతిని సానుభూతితో పరిశీలించిన మీదట, ఆర్థిక భారము స్వల్పమైనందున, ప్రయోగాత్మకముగా ఒకే ఒక్క పరమాణువును మాత్రము క్రమబద్ధీకరించుటకు మండలి అనుమతించుచున్నది. సదరు పరమాణువు యొక్క పేరు, పుట్టిన తేదీ, విద్యార్హత, స్థానికత, సేవాకాలము, నడవడిక ధ్రువపత్రములతో పాటు ఇటీవలి ఫోటో జతపరచవలెను. పరమాణువు వయోపరిమితికి లోబడి యుండవలెను."

పట్టాభిరామయ్య గారు ఈ కాగితం పట్టుకుని నా గదికి వచ్చారు. ఆయన మొహంలో నిజమైన ఆందోళన ఉంది. "పరమాణువు యొక్క ఫోటో విషయమై ఏమి చర్య తీసుకొందుము?" అన్నారు. "చెవులు కనబడవలెనని నిబంధన."

నేను తల పట్టుకున్నాను. బల్లకి అవతల దయామణి తన సామాను అట్టపెట్టెలో సర్దుకుంటోంది. మా మాటలు విని సర్దడం ఆపింది.

"ఎన్ని పరమాణువులకిచ్చారండీ పర్మిషను?"

"ఒక్కదానికే," అన్నాను.

"నేనూ ఒక్కదాన్నే కదండీ," అంది.

నాకు నవ్వు మొదలైంది. ఆపుకుందామంటే ఆగలేదు. దయామణి నవ్వలేదు. ఆమె అట్టపెట్టె పక్కన పెట్టి, కుర్చీ లాక్కుని, మండలి అడిగిన ఫారం నింపడానికి కూర్చుంది.

పట్టాభిరామయ్య గారు చేతులు అడ్డంగా ఊపారు. "తగదు, తగదు. నా యావత్తు సర్వీసులో అసత్యము వ్రాసి యెరుగను."

"ఇప్పుడూ రాయొద్దండీ," అన్నాను. "ఈవిడ ఒంట్లో పరమాణువులు లేవని రాయగలరా మీరు?"

ఆయన ఆలోచించారు. "వ్రాయజాలను."

"పరమాణువంటే ఎంత ఉండాలో మీ నిబంధనల్లో ఎక్కడైనా ఉందా?"

ఆయన గదిలోకి వెళ్ళి నిబంధనల పుస్తకాలన్నీ తిరగేశారు. సాయంత్రానికి చెమటలు తుడుచుకుంటూ వచ్చారు. "పరమాణువు అను పదము ఎచ్చటను నిర్వచింపబడి యుండలేదు," అన్నారు. ఆ మాటలో ఒక రకమైన గర్వం వినిపించింది. ముద్ర వేసేశారు.

ఫారం నింపడం ఎంత హాయిగా జరిగిందని! అన్నిటికీ జవాబులున్నాయి. పేరు రేఖపల్లి దయామణి. వయసు పరిమితికి లోపల, పది రోజులు తక్కువగా. స్థానికత ఈ జిల్లానే. విద్యార్హత డిప్లొమా. ఫోటోలో చెవులు రెండూ కనిపిస్తున్నాయి. ఇన్ని అర్హతలున్న పరమాణువు ఏ మూలకంలోనూ దొరకదు.

తనిఖీకి మళ్ళీ హయగ్రీవరావు గారే వచ్చారు. అదే గది. దయామణి గంజి పెట్టిన చీర కట్టుకుని గోడవారన కూర్చుంది. ఎదురుగా ఉన్న ఈ పెద్దమనిషి "ఇదేమిటి?" అని ఒక్క మాట అన్నాడంటే ఆమె బతుకు పదో తారీఖుతో తెల్లారిపోతుంది, నా ఉద్యోగం కూడా దాంతోపాటే.

ఆయన ఫైలు తెరిచి, ప్రతి గడి మీదా వేలు పెట్టి చదివారు. అన్ని గడులూ నిండి ఉన్నాయి. ఆయన మొహం ప్రశాంతంగా మారింది.

"పరమాణువును హాజరుపరచండి."

దయామణి లేచి నిలబడింది. ఆయన ఫోటో చూశారు, ఆమెని చూశారు, మళ్ళీ ఫోటో చూశారు. "పోలిక సరిపోయింది," అని టిక్కు పెట్టారు. కలం మూత పెట్టబోయి ఆగారు.

"ఒక సందేహం. పరమాణువు కంటికి కనిపించదని కదా శాస్త్రం?"

పట్టాభిరామయ్య గారు కళ్ళు మూసుకుని ఏదో స్తోత్రం గొణుగుతున్నారు. నేను ఏదో ఒకటి చెబుదామని నోరు తెరిచాను.

నాకంటే ముందు దయామణి చెప్పింది. "ఆరేళ్ళ నుంచీ మీకు కనబడలేదు కదండీ."

ఆయన ఆమె వంకే చూశారు. చూసి, ఫైలు వెనక్కి తిప్పి, సేవాకాలానికి రుజువుగా దయామణి జతచేసిన పాత కాగితాలు ఒక్కొక్కటే తీశారు. ఆరేళ్ళ నాటి దరఖాస్తు, దాని మీద దరఖాస్తు, గుర్తుచేస్తూ రాసినవి ఇంకొన్ని. ప్రతిదాని మీదా "చూడబడలేదు" అని మండలి ముద్ర ఉంది.

"నిజమే," అన్నారు. "కనిపించలేదని మా రికార్డే చెబుతోంది." అని ఆఖరి గడిలో రాసుకున్నారు: "కంటికి కనిపించని స్వభావము ధ్రువీకరించడమైనది." సంతకం పెట్టారు.

ఆయన అమాయకుడో, ఆ ఒక్క నిమిషం పాటు మనిషి అయ్యాడో నాకు ఇప్పటికీ తెలియదు. కారెక్కేటప్పుడు మొహం చూశాను. ఇస్త్రీ అలాగే ఉంది.

ఉత్తర్వు ఎనిమిదో తారీఖున వచ్చింది. "శ్రీమతి రేఖపల్లి దయామణి, పరమాణువు, గ్రేడు రెండు, క్రమబద్ధీకరించడమైనది." దయామణి దాన్ని నిలబడి చదివింది, కూర్చుని చదివింది, "మా పిల్లకి ఫోనులో చదివి వినిపిస్తానండి" అని వరండాలోకి వెళ్ళింది. "అమ్మకి పర్మనెంటయిందే," అన్న మాట వరకూ వినబడింది. తర్వాత వినబడిందంతా ఏడుపే. నేను కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను. నాకు కోపం వచ్చినప్పుడు ఎవరైనా చూస్తే ఫరవాలేదు, కళ్ళనీళ్ళు వచ్చినప్పుడు చూడకూడదు.

కాసేపటికి ఆమె వచ్చి కళ్ళు తుడుచుకుని, "పరమాణువైతే ఏంటండీ, పెన్షనుంటాది," అంది.

చాంబర్‌కి సీలు ఇంకా అలాగే ఉంది. దాని లోపల నా పరమాణువులు క్రమమో అక్రమమో తేలక ఉన్నాయి. పైపెచ్చు, పరమాణువు ప్రయోగపు వస్తువు కనక, దయామణి ఇకమీదట ప్రయోగాలు చేయరాదని ఇంకో కాగితం వచ్చింది. చేస్తే తన మీద తానే ప్రయోగం చేసుకున్నట్టవుతుందట. ఆమెని రోజూ పది నుంచి అయిదు దాకా ఒక చోట కదలకుండా ఉండమన్నారు. మా సంస్థలో పర్మనెంటు వాళ్ళు చేసే పని కూడా అదే కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు.

ఉత్తర్వు వచ్చిన మర్నాడు పొద్దున్న నా గది తలుపు తీసేసరికి వరండా నిండా జనం. జీపు డ్రైవరు, కాపలావాళ్ళు, ఊడ్చేవాళ్ళు, కరెంటు పని చేసేవాళ్ళు, గ్రంథాలయంలో అమ్మాయి. అందరూ కాంట్రాక్టు వాళ్ళే. అందరి చేతుల్లోనూ చెవులు కనబడే ఫోటోలున్నాయి.

"మేడం గారండీ," అన్నాడు డ్రైవరు. "నన్నూ ఏదో ఒక మూలకంలో వేసేయండి. బంగారమే కావాలని పేచీ పెట్టనండి. సీసమైనా సర్దుకుపోతాను."

వాళ్ళ వెనకాల పట్టాభిరామయ్య గారు వరండా గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు. తిడతారేమో అనుకున్నాను. నేను బల్ల ముందు కూర్చుని, తెల్ల కాగితం తీసి, మండలికి కొత్త వినతి మొదలుపెట్టాను. "ఒక్క పరమాణువుతో వచ్చిన ఫలితములు మిక్కిలి ఆశాజనకముగా నున్నందున, మరింత పెద్ద నమూనా అవసరమని..." అక్కడ ఆగి తలెత్తాను.

"మొత్తం ఎంతమందండీ, మన దగ్గర?"

పట్టాభిరామయ్య గారు లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేశారు. గొంతు సవరించుకున్నారు. ఆయన నోటి వెంట మామూలు తెలుగు రావడం నేను మొదటిసారి విన్నాను.

"నూట పన్నెండు మందమ్మా," అన్నారు. "మా అల్లుడు కూడా పక్క ఆఫీసులో పదకొండేళ్ళుగా కాంట్రాక్టే. నూట పదమూడు రాయి తల్లీ."

రాశాను.